జపాన్ కారుకు కాయిలోవర్లు వేయిస్తున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఈ లెక్కలు చూసుకోండి

ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల్లో పాల్ వాకర్ నడిపిన నిస్సాన్ స్కైలైన్ గుర్తుందా? నేలకు అతుక్కుపోయినట్టు ఉండే ఆ కారు ఇప్పుడు సినిమాలో మాత్రమే కాదు, అమెరికా రోడ్లపైనా కనిపిస్తోంది. తయారై 25 ఏళ్లు నిండిన విదేశీ కార్లకు అక్కడి ఫెడరల్ సేఫ్టీ ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. దాంతో 1999లో మార్కెట్‌లోకి వచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34, సిల్వియా ఎస్15 లాంటి కార్లకు 2024 నుంచి దారి తెరుచుకుంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లలోనూ వీటి మీద మోజు పడ్డవాళ్లు ఉన్నారు.

కారు పోర్టు నుంచి ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి ఖర్చు కాయిలోవర్లు. సరిగ్గా ఎంచుకుంటే పాత కారుకు కొత్త ప్రాణం వస్తుంది. తొందరపడితే మాత్రం డబ్బుతో పాటు టైర్లూ, నడుమూ పోతాయి. ఫిట్టింగ్‌లో తప్పు చేస్తే ప్రాణం మీదకీ రావచ్చు.

అసలు కాయిలోవర్ అంటే ఏంటి?

పేరులోనే ఉంది. డ్యాంపర్ (మనం షాక్ అబ్సార్బర్ అంటాం కదా, అదే) మీద కాయిల్ స్ప్రింగ్ కూర్చుని ఉండే యూనిట్. ఆ మాటకొస్తే కంపెనీ నుంచి వచ్చే చాలా కార్లలోనూ ఇదే అమరిక ఉంటుంది. మార్కెట్‌లో కొనే కాయిలోవర్‌కు ఉన్న తేడా ఏంటంటే, బాడీ మీద మరలు ఉంటాయి. స్ప్రింగ్ కింద ఉన్న కాలర్‌ను తిప్పి కారు ఎత్తు మార్చుకోవచ్చు. చాలావాటిలో పైన చిన్న నాబ్ కూడా ఉంటుంది. దాంతో డ్యాంపింగ్ గట్టిగా, మెత్తగా మార్చుకోవచ్చు. జపాన్‌లో దీన్ని 'షకోచో' అంటారు. కారు ఎత్తును సర్దేది అని అర్థం.

స్ప్రింగ్ పని బరువు మోయడం. డ్యాంపర్ పని ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపడం. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పాత షాక్‌లకు గట్టి స్ప్రింగులు మాత్రమే మార్చేస్తే కారు గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. రెండూ కలిపి సెట్‌గా కొనడానికి అసలు కారణం ఇదే.

8 కేజీ, 6 కేజీ.. ఈ నంబర్లేంటి?

కాయిలోవర్ బాక్స్ మీద 'ముందు 8 కేజీ, వెనుక 6 కేజీ' లాంటి నంబర్లు కనిపిస్తాయి. అది స్ప్రింగ్ బరువు కాదు, స్ప్రింగ్ రేట్. అంటే స్ప్రింగ్‌ను ఒక్క మిల్లీమీటర్ నొక్కడానికి 8 కేజీల బరువు కావాలి. 100 కేజీల బరువు పడితే అది పన్నెండున్నర మిల్లీమీటర్లు కుంగుతుంది. అదే 4 కేజీల స్ప్రింగ్ అయితే 25 మిల్లీమీటర్లు కుంగుతుంది. అమెరికన్ బ్రాండ్లు ఇదే నంబర్‌ను అంగుళానికి పౌండ్లలో చెబుతాయి. కేజీ నంబర్‌ను 56తో గుణిస్తే ఆ లెక్క వచ్చేస్తుంది. 8 కేజీ అంటే దాదాపు 448 పౌండ్లు.

నంబర్ పెద్దదైతే మంచిదని అనుకోవద్దు. ట్రాక్ కోసం చేసిన గట్టి స్ప్రింగ్ గుంతల రోడ్డు మీద టైర్‌ను నేలకు ఆననివ్వదు, ఎగరేస్తుంది. టైర్ గాల్లో ఉంటే గ్రిప్ ఎక్కడిది? రోజూ ఆఫీసుకు వెళ్లే కారైతే ఆ బ్రాండ్ 'స్ట్రీట్' కోసం అమ్మే సెట్ చాలు.

ఎత్తు మార్చేవి రెండు రకాలు

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. మొదటి రకంలో స్ప్రింగ్ కింది కాలర్‌ను తిప్పితేనే ఎత్తు మారుతుంది. బాగా కిందికి దించితే, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ లూజై టకటక చప్పుడు వస్తుంది. రెండో రకంలో కింద ఉన్న బ్రాకెట్ వేరుగా తిరుగుతుంది. దాన్ని తిప్పితే యూనిట్ పొడవే మారుతుంది, స్ప్రింగ్ ఎలా ఉందో అలాగే ఉంటుంది. షాక్ లోపలి ప్రయాణం తగ్గదు. ఈ రెండో రకం ధర ఎక్కువే అయినా, కారును బాగా దించాలనుకునేవాళ్లకు అదే నయం.

ఎంత దించాలి?

అర అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళం వరకు దించితే చూడటానికీ బాగుంటుంది, నడపడానికీ బాగుంటుంది. అంతకు మించితే సమస్యలు మొదలవుతాయి. స్ప్రింగ్ కుంగడానికి చోటు తగ్గి, లోపలి బంప్ స్టాప్ మీద పడుతుంది. 'కాయిలోవర్లు వేశాక కారు బండరాయిలా కొడుతోంది' అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే, స్ప్రింగ్ కాదు. ఎస్15 లాంటి స్ట్రట్ సస్పెన్షన్ కార్లలో ముందు లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తే రోల్ సెంటర్ కిందికి జారుతుంది. అంటే కారు కిందికి దిగినా, మలుపులో ఒరగడం పెరగొచ్చు.

చట్టం కూడా ఉంది. కాలిఫోర్నియాలో చక్రం రిమ్ అడుగు అంచు కంటే కారులోని ఏ భాగమూ కిందికి ఉండకూడదు. ఇంతగా కార్లు దించే జపాన్‌లో కూడా 'షకెన్' అనే తప్పనిసరి తనిఖీలో పాస్ కావాలంటే నేలకూ కారుకూ మధ్య కనీసం 9 సెంటీమీటర్లు ఉండాల్సిందే.

పాతికేళ్ల కారు.. ముందు ఇవి చూడండి

జపాన్ నుంచి వచ్చిన కారుకు పాత ఓనర్ ఎప్పుడో కాయిలోవర్లు వేసి ఉండొచ్చు. వాటికి ఆయిల్ లీకేజీ ఉందా, కాలర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయా అన్నది చూడండి. పేరున్న బ్రాండ్ అయితే పారేయకండి, రీబిల్డ్ చేయించుకునే అవకాశం ఉండొచ్చు. మంచు కురిసే ప్రాంతాల్లో తిరిగిన కార్లకు రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల అడుగున తుప్పు ఉంటుంది. స్ట్రట్ టవర్ దగ్గర తుప్పు ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కాయిలోవర్ మోసేది ఆ ఇనుమునే.

రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, పైన ఉండే మౌంట్లకు కూడా పాతికేళ్లు నిండాయని మర్చిపోవద్దు. అరిగిపోయిన బుష్‌ల మీద ఖరీదైన కాయిలోవర్ వేస్తే పాత చప్పుళ్లన్నీ ఇంకా గట్టిగా వినిపిస్తాయి.

ఇంకో మాట. పార్ట్ నంబర్ మోడల్ పేరు చూసి కాదు, చాసిస్ కోడ్ చూసి కొనండి. స్కైలైన్‌లోనే నాలుగు చక్రాలకు పవర్ వెళ్లే జీటీ-ఆర్‌కు, వెనుక చక్రాలకే పవర్ వెళ్లే జీటీ-టీకి సెట్లు వేరు.

ఫిట్టింగ్‌లో తప్పు చేయకూడనివి

మెకానిక్ చేసినా, గ్యారేజీలో మీరే చేసుకున్నా ఇవి పాటించాల్సిందే.

1. విప్పకముందే నాలుగు చక్రాల దగ్గర హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి. తర్వాత ఎంత దించారో తెలియడానికి ఇదే ఆధారం.

2. జాకీ మీద మాత్రమే కారును వదిలి కిందికి దూరొద్దు. గట్టి నేల మీద జాక్ స్టాండ్లు తప్పనిసరి.

3. పాత స్ట్రట్ పైన మధ్యలో ఉండే నట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. దాని కింద స్ప్రింగ్ వందల కేజీల ఒత్తిడితో నొక్కుకుని ఉంటుంది. విప్పితే తూటాలా ఎగిరొస్తుంది. పాత టాప్ మౌంట్ వాడాల్సి వస్తే, స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టాకే విప్పాలి. అది చేతకాకపోతే షాపులో చేయించుకోండి.

4. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే తీసేయండి. బ్రేక్ కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయొద్దు.

5. కొత్త యూనిట్ మధ్య నట్‌ను ఇంపాక్ట్ గన్‌తో బిగించొద్దు. లోపలి రాడ్ గిర్రున తిరిగి సీల్ పాడవుతుంది. చేతి పానా, టార్క్ రెంచ్ వాడండి. టార్క్ నంబర్లు మాన్యువల్‌లో ఉంటాయి.

6. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించొద్దు. కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

7. డ్యాంపింగ్ నాబ్‌ను పూర్తిగా గట్టి వైపు తిప్పి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ వెనక్కి రండి. ఎడమ, కుడి ఒకే లెక్క ఉండాలి.

అలైన్‌మెంట్ ఎగ్గొడితే టైర్లు గోవిందా

కారు కిందికి దిగగానే చక్రాల కోణాలు మారిపోతాయి. చక్రం పైభాగం లోపలికి వాలడాన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు. 'క్యాంబర్ వల్ల టైర్లు పోయాయి' అని అందరూ అంటారు కానీ, అసలు దొంగ చాలాసార్లు 'టో'. అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాలు ఒకే దిక్కుకు చూడకపోవడం. అప్పుడు టైర్ దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. లోపలి అంచు కొద్ది వేల కిలోమీటర్లకే దారాలు తేలుతుంది. బయట నుంచి చూస్తే టైర్ కొత్తగానే కనిపిస్తుంది, ఒకరోజు హైవే మీద పేలుతుంది.

కొత్త స్ప్రింగులు కొంచెం కుదురుకుంటాయి కాబట్టి, కొన్ని రోజులు నడిపి, నట్లన్నీ మళ్లీ బిగించి, ఎత్తు మళ్లీ కొలిచి అప్పుడు ఫైనల్ అలైన్‌మెంట్ చేయించండి. అప్పటిదాకా లాంగ్ డ్రైవ్ వద్దు. హెడ్‌లైట్ల లెవెల్ కూడా చూసుకోండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే.

బడ్జెట్ వేసేటప్పుడు కాయిలోవర్ ధర ఒక్కటే చూడొద్దు. అలైన్‌మెంట్, బుష్‌లు, టాప్ మౌంట్లు, అవసరమైతే అడ్జస్టబుల్ ఆర్మ్స్, లేబర్.. ఇవన్నీ కలిపి లెక్కేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి చెప్పండి. దాస్తే క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరగొచ్చు. ఆన్‌లైన్‌లో అసలు ధరలో సగానికే పేరున్న బ్రాండ్ దొరికితే సంతోషపడకుండా అనుమానపడండి.

హైదరాబాద్‌లో వేయించొచ్చా?

ముందు ఒక క్లారిటీ. ఆర్34 లాంటి పాత కారును మామూలు దారిలో ఇండియాకు తెచ్చుకోలేం. మన దిగుమతి నిబంధనల ప్రకారం సెకండ్ హ్యాండ్ కారు వయసు మూడేళ్లు దాటకూడదు. ఇక ఇక్కడే కొన్న జపాన్ కంపెనీ కార్ల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పులు చేస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి మెకానిక్ 'ఏం కాదన్నా' అన్నాడని వేయించుకోకుండా ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

రోడ్ల సంగతి సరే సరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న వాటికి లెక్కే లేదు. రెండంగుళాలు దించిన కారు ఆయిల్ ప్యాన్‌కు మొదటి దెబ్బ ఇంటి వీధిలోనే తగులుతుంది.

మొత్తానికి కాయిలోవర్ కారును కిందికి దించే సామాను మాత్రమే కాదు, టైర్‌ను రోడ్డుకు అంటిపెట్టుకుని ఉంచే సామాను. అందుకే బడ్జెట్ టైట్‌గా ఉంటే ముందు మంచి టైర్లు, కొత్త బుష్‌లు, బ్రేకులు. కాయిలోవర్లు ఆ తర్వాతే.