తొలి రైఫిల్: ఏ భాగం ఎందుకు?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో నడిస్తే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలవి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకు గేరు, స్ప్రింగు, షాఫ్టు, బేరింగు కొత్తవి కావు. ఒక యంత్రాన్ని విప్పి, అరిగిన భాగం మార్చి, మళ్లీ నడిపించడం వారు రోజూ చూసేదే. కొన్ని దేశాల్లో కొందరు విడిభాగాలు కొనుక్కుని రైఫిల్‌ను ఇంట్లోనే కూర్చుకుంటారని విన్నప్పుడు, ‘మనమూ చేయలేమా?’ అనే ప్రశ్న వారికి రావడం సహజం. మీకూ వచ్చి ఉండవచ్చు.

సమాధానం ముందే చెప్పుకుందాం. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత దీనికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు. అది యావజ్జీవం దాకా పోవచ్చు. అయితే చట్టం వద్దన్నది తయారీని మాత్రమే, తెలుసుకోవడాన్ని కాదు. రైఫిల్‌లోని ప్రతి భాగం వెనుక మీ పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రమే ఉంది. అది అర్థమైతే ఇంట్లో చేసిన తుపాకీ ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. క్రీడ కోసం తొలి ఎయిర్ రైఫిల్ కొనేటప్పుడు ఏమి చూడాలో కూడా తెలుస్తుంది.

గొట్టానికీ పురి ఉంది

సూరత్ దగ్గర సముద్రతీరంలో సువాలీ అనే ఊరు ఉంది. 1612లో ఈస్టిండియా కంపెనీ నౌకలకూ పోర్చుగీసు నౌకలకూ ఆ తీరంలోనే యుద్ధం జరిగింది. నాటి ఫిరంగుల గొట్టాలు లోపల నున్నగా ఉండేవి. వాటిలోంచి గుండ్రని ఇనుప గుండ్లు బయటకు దూకేవి. ఆ పక్కనే ఉన్న హజీరాలో ఎల్ అండ్ టి కర్మాగారం మన సైన్యానికి 100 కె-9 వజ్ర ఫిరంగులను తయారు చేసి 2021 నాటికి అందజేసింది. వీటి గొట్టం లోపలి వ్యాసం 155 మి.మీ., పొడవు దానికి 52 రెట్లు, అంటే ఎనిమిది మీటర్ల పైమాటే. ఈ గొట్టం నున్నగా ఉండదు. లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. రైఫిల్‌కు ఆ పేరు రావడానికి కారణం ఈ గాడులే.

నేతవారికి ఇది చెప్పనక్కరలేదు. దారానికి పురి పెట్టేటప్పుడు అంగుళానికి ఎన్ని చుట్లు అని లెక్క వేస్తారు. రైఫిల్ గొట్టానికీ ఎంత పొడవులో ఒక చుట్టు అన్నదే లెక్క. 25 సెం.మీ.కు ఒక చుట్టు తిరిగే గాడులున్నాయనుకోండి. తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో బయటపడితే అది సెకనుకు 3,200 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది. నిమిషానికి 1,92,000 చుట్లు! మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి కొన్ని వందల చుట్లే తిరుగుతుంది.

ఇంత భ్రమణం ఎందుకు? తిరగని బొంగరం పడిపోతుంది, తిరిగే బొంగరం నిలబడుతుంది. పొడవాటి తూటా గాలిని చీల్చుకుపోతున్నప్పుడు దాని ముక్కుపై పడే గాలి ఒత్తిడి దాన్ని పల్టీ కొట్టించాలని చూస్తుంది. వేగంగా తిరుగుతున్న వస్తువు తన అక్షం దిశను సులువుగా వదలదు కనుక తూటా ముక్కు ముందుకే ఉంటుంది.

దీన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ ఒకరు. నున్నని గొట్టంలో గుండు ఇటూ అటూ తగులుతూ వచ్చి, ఎటుపడితే అటు తిరుగుతూ దారి తప్పుతుందని ఆయన వివరించారు. క్రికెట్‌లో స్పిన్ బంతి గాలిలో పక్కకు జరగడం ఇలాంటిదే. ఆయన తర్వాత కంపెనీ ఇంజనీరుగా మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించారు.

ఈ గాడులు మన చరిత్రనూ తాకాయి. గాడుల గొట్టంలో తూటా బిగుతుగా ఉండాలి. మూతి వైపు నుంచి దాన్ని లోపలికి దించాలంటే జిడ్డు కావాలి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల కాగితంపై పూసిన ఆ జిడ్డు ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న అనుమానమే 1857లో సిపాయిల ఆగ్రహానికి ఒక కారణమైంది.

కుక్కరుకూ తుపాకీకీ తేడా

ఇక ప్రమాదం సంగతి. ఇంట్లో ప్రెషర్ కుక్కరులో పీడనం బయటి వాతావరణ పీడనం కంటే సుమారు ఒక రెట్టు ఎక్కువ. అంతమాత్రానికే దానికి సేఫ్టీ వాల్వు పెడతారు. సైనిక రైఫిల్‌లో మందు మండిన క్షణంలో పీడనం మూడు, నాలుగు వేల వాతావరణాలకు చేరుతుంది. అదీ సెకనులో వెయ్యో వంతు కాలంలో. ఆ సమయంలో మనిషి చెంప గొట్టం వెనుక భాగానికి కొద్ది దూరంలోనే ఉంటుంది.

కంటికి గట్టిగా కనిపించే పైపులో కనిపించని పగులు ఉండవచ్చు. అతుకు బలహీనంగా ఉండవచ్చు. పదిసార్లు పేలి పదకొండోసారి చీలవచ్చు. లోహానికి అలసట ఉంటుంది. అందుకే కర్మాగారాల్లో ఉక్కు మిశ్రమాన్ని ఎంచుకుని, వేడిచేసి చల్లార్చి, తర్వాత మామూలు కంటే ఎక్కువ పీడనం ఇచ్చే తూటాతో మనుషులకు దూరంగా పరీక్షిస్తారు. దీన్ని ప్రూఫ్ పరీక్ష అంటారు. నాటు తుపాకీ చేసినవాడికి ఆ పరీక్ష లేదు. తొలి పరీక్ష అతని చేతుల్లోనే జరుగుతుంది. వేళ్లు, కళ్లు పోయాక భాగాలు మార్చుకోలేం.

పది మీటర్లు, అర మిల్లీమీటరు

మరి గురి నేర్చుకోవాలనుకుంటే? దానికి ఎయిర్ రైఫిల్ ఉంది. 4.5 మి.మీ. లోపలి వ్యాసం, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ గన్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కరలేదు. అయినా అది బొమ్మ కాదు, కన్ను తీయగలదు. శిక్షకుడి సమక్షంలోనే వాడాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

లక్ష్యం మధ్యలోని చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. సీసపు గుళిక వేగం సెకనుకు 170 మీటర్లు అనుకుంటే పది మీటర్లు దాటడానికి 0.059 సెకను పడుతుంది. ఈలోగా గురుత్వాకర్షణ దాన్ని 17 మి.మీ. కిందికి లాగుతుంది. ఈ లెక్క మీరే వేసి చూడండి. వేగం ఒక శాతం మారితే పతనం రెండు శాతం, అంటే 0.34 మి.మీ. మారుతుంది. చుక్క అంచు దాటిపోవడానికి అది చాలు!

అందువల్ల భాగాల ఎంపిక ఈ వరుసలో సాగాలి.

మొదటిది దిమ్మ. భుజానికి ఆనే భాగం, చెంప ఆనే భాగం మీ కొలతకు జరిగేవిగా ఉండాలి. రైఫిల్ మీకు సరిపోవాలి గాని మీరు రైఫిల్‌కు వంగకూడదు. పోటీల్లో బరువు 5.5 కిలోలు మించకూడదు. పెరిగే వయసులో ఇంకా తేలికైనదే మేలు.

రెండోది శక్తినిచ్చే పద్ధతి. స్ప్రింగు రైఫిల్ చవక. కాని గుళిక గొట్టం దాటకముందే లోపలి పిస్టన్ కదిలి రైఫిల్‌ను కుదుపుతుంది. నింపిన గాలి సిలిండరుతో పనిచేసేది ఖరీదెక్కువ, కుదుపు తక్కువ.

మూడోది మీట. ప్రతిసారీ ఒకే చోట, ఒకే ఒత్తిడికి విడుదల కావాలి.

నాలుగోది గుళికలు. ఒక గొట్టానికి బాగా కుదిరినవి మరో గొట్టానికి కుదరకపోవచ్చు. అందుకే పోటీదారులు రైఫిల్‌ను బిగించి, రకరకాల గుళికలు కాల్చి, ఏవి ఒకేచోట పడుతున్నాయో చూసి ఎంచుకుంటారు.

అయిదో భాగం దుకాణంలో దొరకదు. అది మీ శరీరం. మీటరు పొడవు రైఫిల్ కొన 0.025 మి.మీ. కదిలితే పది మీటర్ల దూరాన గురి 0.25 మి.మీ. తప్పుతుంది. తల వెంట్రుక మందంలో సగం కూడా లేని కదలిక అది! గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం రెండూ అంతకంటే ఎక్కువే కదిలిస్తాయి.

దీన్ని ఈ సాయంత్రమే పరీక్షించవచ్చు. మీటరు పొడవు చెక్క బద్దకు తరగతి గదుల్లో వాడే చిన్న లేజర్ పాయింటరును రబ్బరు బ్యాండుతో కట్టండి. ఎవరి కళ్లవైపూ, అద్దంవైపూ చూపకుండా పది మీటర్ల దూరంలోని ఖాళీ గోడపై గళ్ల కాగితం అతికించి దాని మధ్యకు గురిపెట్టండి. చుక్క ఎన్ని గళ్లు దాటి తిరుగుతోందో స్నేహితుడిని గుర్తుపెట్టమనండి. నిలబడి, కూర్చుని, మోచేయి బల్లపై ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపి చూడండి. ప్రతిసారీ పదేసి కొలతలు తీసి సగటు కట్టండి. వారం తర్వాత మళ్లీ కొలవండి. ఇంట్లో కూర్చుకోదగిన తొలి రైఫిల్ ఇదే. దీనికి లైసెన్సూ అక్కరలేదు, వేళ్లూ పోవు.