సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ కొంటున్నారా? ఇంజిన్ సౌండ్ వినేముందు ఈ కాగితాలు చూడండి

‘సింగిల్ ఓనర్, షోరూం సర్వీస్, పేపర్లు అన్నీ క్లియర్’. సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైకుల ప్రకటనల్లో దాదాపు ఇవే మాటలు ఉంటాయి. యమహా ఆర్15, కేటీఎం డ్యూక్ 390, కవాసాకి నింజా 300 లాంటి బండి కొత్తదానికంటే బాగా తక్కువకు దొరుకుతుంటే ఎవరికైనా చెయ్యి ఆగదు. ఇంజిన్‌లో తేడా ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్తారు, కొన్ని వేలు ఖర్చవుతాయి. కాగితాల్లో తేడా ఉంటే మాత్రం డబ్బు మొత్తం ఇచ్చిన తర్వాత కూడా బండి మీది కాకుండా పోవచ్చు. అందుకే ఈ కథనంలో ముందు కాగితాలు, ఆ తర్వాతే బండి.

ఖాళీ ఫారాల మీద సంతకాలు

కన్సల్టెన్సీల దగ్గర బండి కొన్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అమ్మినతను ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి వెళ్లిపోతాడు. కొన్నవారి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఫారాలతోనే బండి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంది. మధ్యలో ముగ్గురు వాడినా ఆర్‌సీలో మొదటి యజమాని పేరే ఉంటుంది. ‘సింగిల్ ఓనర్’ అనే మాట చాలాసార్లు ఇలా పుట్టిందే!

చట్టం చెప్పేది వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం, అదే రాష్ట్రంలో బండి అమ్మితే అమ్మిన వ్యక్తి 14 రోజుల్లో, కొన్న వ్యక్తి 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇది ఇద్దరికీ అవసరం. 2007లో అమ్మేసిన ఒక కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది, ఒక ప్రాణం పోయింది. ఆర్‌సీలో మాత్రం అప్పటికీ మొదటి యజమాని పేరే ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత కూడా వారిదేనని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. మీరు పాత బండి అమ్మి ఈ కొత్త మోజులో పడ్డవారైతే, ఆ పాత బండి ఎవరి పేరున ఉందో కూడా ఒకసారి చూసుకోండి.

కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: ఆర్‌సీలో పేరున్న వ్యక్తి ఎక్కడ? ఆయనతో ఫోన్‌లోనైనా నేరుగా మాట్లాడండి. ‘ఆయన దుబాయ్‌లో ఉన్నాడు, సంతకాలు ఉన్నాయి కదా’ అంటే ఆ బండి వదిలేయడమే మంచిది. యజమాని చనిపోయి ఉంటే ముందుగా వారసులు ఫారం 31తో తమ పేరు మీదకు మార్చుకోవాలి. ఆ తర్వాతే మీకు అమ్మగలరు.

డీలర్ దగ్గర కొంటున్నారా? పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. యజమాని బండిని డీలర్‌కు అప్పగించగానే ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి బండి బాధ్యత డీలర్‌దే, పేరు మార్పు దరఖాస్తు కూడా డీలర్ చేయవచ్చు. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఫోన్‌లోనే పట్టేసేవి

బండి నంబర్ చేతిలో ఉంటే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గానీ, ఎంపరివాహన్ యాప్‌లో గానీ చాలా వివరాలు కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్, రంగు, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి చూడండి. నలుపు రంగు బండి రికార్డులో ఎరుపని ఉంటే, కారణం అడగండి.

ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపిస్తే లోన్ తీరిందన్న మాట ఒక్కటే చాలదు. లోన్ తీరినా ఆర్‌సీలోంచి ఆ పేరు తనంతట తాను పోదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, బ్యాంకు సంతకం ఉన్న ఫారం 35 పెట్టి తీయించాలి. ఆ పని అమ్మేవారితోనే చేయించండి. ‘మీరే కట్టుకుని తీయించుకోండి, రేటు తగ్గిస్తా’ అనే బేరానికి ఒప్పుకుంటే, రేపు రికవరీ ఏజెంట్లు వచ్చేది మీ ఇంటికే.

దొంగ బండా కాదా అన్నది తెలుసుకునే సౌకర్యం కూడా ఉంది, చాలామందికి తెలియదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో పౌరుల కోసం డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో వాహన్ సమన్వయ్ సేవను పెట్టింది. మొబైల్ నంబర్‌తో లాగిన్ అయి రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇస్తే, దొంగిలించిన వాహనాల జాబితాలో ఆ బండి ఉందో లేదో చూసి ఎన్‌ఓసీ ఇస్తుంది. నంబర్లను ఆర్‌సీ చూసి కాకుండా, బండి మీద చదివి ఎక్కించండి.

చలాన్లు బండి నంబర్ మీదే పడతాయి. స్పోర్ట్స్ బైకులకు స్పీడ్ కెమెరా చలాన్లు కొత్త కాదు. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ భారీ రాయితీ ఇచ్చారు కాబట్టి ‘మళ్లీ డిస్కౌంట్ వస్తుందిలే, అప్పుడు కడదాం’ అని కొందరు పెండింగ్‌లోనే ఉంచుతారు. ఆ ఎదురుచూపు మీ నెత్తిన పడనివ్వకండి. మొత్తం కట్టించాకే డబ్బులివ్వండి.

వేరే రాష్ట్రం బండి అయితే

బెంగళూరులో ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చినవాళ్లు అమ్మే కేఏ నంబర్ బైకులు, హైదరాబాద్ నుంచి విజయవాడ చేరిన టీఎస్ నంబర్ బైకులు చౌకగా కనిపిస్తాయి. చౌకకు కారణముంది. పాత ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానిది వెనక్కి అడగవచ్చు గానీ, దాని చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి. ట్యాక్స్ ఎంతవుతుందో ముందే లెక్క తెలుసుకుని, దాన్ని కలిపి ధర చూడండి. అప్పుడు చాలా బేరాలు మామూలుగా కనిపిస్తాయి.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆర్‌ఎక్స్100 కోసం వెతికే అభిమానులకు ఇది మరీ ముఖ్యం. ఆ బైకు తయారీ 1996లోనే ఆగిపోయింది, కాబట్టి రెన్యువల్ లేని ఆర్‌సీతో దొరికేది ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికే.

ఇన్సూరెన్స్‌లో దాగిన మెలిక

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. అందుకే మూడేళ్ల బండికి ‘ఇన్సూరెన్స్ ఉంది’ అంటే అది అబద్ధం కాదు. కానీ బండికి జరిగే నష్టం, దొంగతనం కవరయ్యే భాగం ఏడాదికే ముగిసి ఉండొచ్చు. పాలసీ కాపీలో రెండు గడువులూ విడిగా చూడండి.

బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి దానంతటదే వస్తుంది. సొంత నష్టం భాగం రాదు. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. లేకపోతే నెల తర్వాత బండి పోయినా, పడినా క్లెయిమ్ తిరస్కరిస్తారు. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, మీకు రాదు. రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా మీ పేరున కొత్తగా తీసుకోవాలి.

ఇప్పుడు బండి దగ్గరికి

వచ్చేవరకు స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలు దాచేస్తుంది. హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మీద కొట్టిన ఛాసిస్ నంబర్‌ను ఒక్కో అక్షరం చదివి ఆర్‌సీతో పోల్చండి. గీకినట్టు, కొత్తగా పెయింట్ వేసినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి. ఇంజిన్ మార్చి ఉంటే ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కించి ఉండాలి.

పడిన బండిని ఫెయిరింగ్ ప్లాస్టిక్ కప్పేస్తుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, అది ఫ్రేమ్‌కు తగిలే చోట నొక్కుకుపోయిందా, కొత్త వెల్డింగ్ ఉందా చూడండి. బండి గట్టిగా పడిందో లేదో అక్కడే తెలుస్తుంది. లివర్ల చివర్లు, ఫుట్‌పెగ్‌లు, సైలెన్సర్ ఒకే వైపు అరిగి ఉంటే అటే పడింది. ఫ్రంట్ ఫోర్క్ మీద నూనె తడి ఉండకూడదు. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. మీటర్ ఎనిమిది వేల కిలోమీటర్లు చూపిస్తూ టైర్లు, చైన్ స్ప్రాకెట్ రెండూ మార్చేసి ఉంటే, సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ చెప్పి పాత రీడింగులు అడగండి.

పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ బిగించి ఉంటే ఒరిజినల్‌ది కూడా ఇమ్మనండి. అనుమతి లేని మార్పులకు కేంద్ర చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు. పోలీసులు అడిగేది బండి మీద ఉన్నవారినే.

డబ్బులిచ్చే రోజు

ఆర్మీలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని చెప్పి బండి చూపించకుండా అడ్వాన్స్ అడిగితే అది పాత మోసమే. మొత్తం బ్యాంకు ద్వారానే ఇవ్వండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు సమయం కూడా రాయించుకోండి. ఆ గంటకు ముందు పడిన చలాన్, జరిగిన ప్రమాదం అమ్మిన వారివని చెప్పడానికి అదే ఆధారం. ఫారాల్లో మీ పేరు మీ కళ్లముందే రాయించి, రెండో తాళం తీసుకోండి. కొంత మొత్తాన్ని ఆర్‌సీ మీ పేరు మీదకు మారాక ఇస్తానని రాసుకోండి, నిజంగా అమ్మేవారు చాలామంది ఒప్పుకుంటారు. కొత్త ఆర్‌సీ రాగానే పేరు, ఛాసిస్ నంబర్ సరిచూసుకుని కాపీని ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి.