ప్రజల సొత్తునకు ప్రజల పర్యవేక్షణ

1947 ఆగస్టు 7వ తేదీన, స్వాతంత్ర్యమునకు ఎనిమిది దినములు ముందు, బొంబాయి పురపాలక సంఘము నగరమునకు విద్యుత్తును, ట్రాములను సమకూర్చుచుండిన కంపెనీని స్వాధీనము చేసికొనెను. నాటినుండి బెస్టు సంస్థ పౌరుల సొత్తు. సొత్తు పౌరులదైనంతమాత్రమున అదుపును పౌరులదగునా? కాదని మా యభిప్రాయము.

దీపములకై చెల్లించిన సొమ్ము చిరకాలము బస్సుల నష్టమును పూడ్చెను. బీదల ప్రయాణమునకు సాయపడుట తప్పని మేమనము. కాని ఆ భారమెంతయో, ఎవరిపైఁ బడుచున్నదో లెక్కలలో వేఱుగఁ జూపవలయును.

రేట్లను నిర్ణయించుటకు రాష్ట్ర విద్యుత్తు నియంత్రణ సంఘము కలదు. సంస్థ వ్యవహారములను విచారించునది ఎన్నికైన పురపాలక సంఘము నియమించు బెస్టు కమిటీ. 2022 మార్చిలో పాలకవర్గపు గడువు ముగిసెను. మూడేండ్లకు పైగా ఎన్నికలు జరుగలేదు. అధికారియే పాలకుఁడయ్యెను, కమిటీయు లేకపోయెను. బిల్లులు మాత్రము ఆగలేదు.

ఇది యొక్క బొంబాయికే చెందిన ప్రశ్న కాదు. అధికారులు సమర్థులే కావచ్చును. తమ లెక్కను తామే సరిచూచుకొనుట న్యాయము కాదు. ఎన్నికలు ఆలస్యమైనను పర్యవేక్షణ మాగకుండునట్లు చట్టమునందే ఏర్పాటుండవలయును. ఏటేటి ఆడిటు నివేదిక పౌరులందఱికి అందవలయును. సొమ్ము చెల్లించువారికి లెక్క యడుగు హక్కు కలదు.