పలాస జీడి: పెట్టె బలం మూలల్లోనే

ఆఫ్రికా జీడిపిక్కలతో విశాఖ రేవుకు చేరే కంటైనర్‌ను క్రేను నిమిషాల్లో దించేస్తుంది. పలాస గోదాము వద్ద మాత్రం బస్తా బస్తా హమాలీ భుజం మీదే దిగాలి. గడువు దాటితే కంటైనర్ అద్దె వర్తకునిపై పడుతుంది. దిగిన బస్తాలనైనా ఇనుప చట్రాల పెట్టెల్లో సర్ది, ఫోర్క్‌లిఫ్టుతో ఎత్తించదలచినవారు కంటైనర్ కట్టుబడినే గమనించాలి. సరుకుతో కలిపి 30,480 కిలోల దాకా తూగే 20 అడుగుల పెట్టెను క్రేను పట్టేది పైనున్న నాలుగు మూల దిమ్మల వద్ద; గోడ రేకుల వద్ద కాదు. గోదాము పెట్టెకూ మూల స్తంభాలు, అడుగున ఫోర్కులు దూరే సందులు ముఖ్యం. 80 కిలోల బస్తాలు పది వేస్తే సరుకే 800 కిలోలు, చట్రం బరువు వేరు. చౌక ఇనుముకు ఆశపడితే అడుగు వంగుతుంది. పక్కలకు జాలీ చాలు. గాలాడకపోతే పిక్క బూజు పడుతుంది.