పలచటి గాలిలో విమానం దించాలంటే

మే నెల మధ్యాహ్నం సిద్దిపేటలో ఎండ 42 డిగ్రీలకు చేరిందనుకుందాం. సముద్ర మట్టానికి ఈ ఊరు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. కానీ ఆ వేడిలో ఇక్కడ ఎగిరే చిన్న విమానం 1,500 మీటర్ల కొండమీద ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. వేడికి గాలి వ్యాకోచించి పలచబడటమే కారణం. ఇలా లెక్కకట్టిన ఎత్తును పైలట్లు ‘డెన్సిటీ ఆల్టిట్యూడ్’ అంటారు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ రన్‌వేకైనా, హిమాలయ లోయకైనా వర్తించే సూత్రం ఇదే.

గాలి పలచబడితే రెక్క ఆ లోటును వేగంతో పూడ్చుకోవాలి. లదాఖ్‌లోని లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 25 డిగ్రీల వేసవి పగలు గాలి సాంద్రత, సముద్ర మట్టం దగ్గరి ప్రామాణిక సాంద్రతలో 65 శాతమే. వేగసూచిక గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది కాబట్టి ఎప్పటి అంకెనే చూపిస్తుంది. అసలు వేగం మాత్రం దాదాపు 24 శాతం ఎక్కువ. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. టర్బోచార్జర్ లేని పిస్టన్ ఇంజను అక్కడ మూడోవంతుకు పైగా శక్తిని కోల్పోతుంది.

లోయలో మలుపు ఇంకా కష్టం. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో, 30 డిగ్రీలు వాలి వెనక్కి తిరగడానికి సముద్ర మట్టం దగ్గర 880 మీటర్ల వెడల్పు చాలు. లేహ్ గాలిలో వేగసూచిక అదే అంకె చూపిస్తున్నా సుమారు 1,350 మీటర్లు కావాలి. అందుకే పైలట్లు లోయ నడుమ కాక ఒక పక్క వాలును ఆనుకుని ఎగురుతారు. అప్పుడు మలుపుకు లోయ వెడల్పంతా దొరుకుతుంది.

గాలి నడకా పూటపూటకూ మారుతుంది. పగలు వేడెక్కిన వాలుల వెంట పైకి పాకుతుంది, రాత్రి చల్లబడి కిందికి జారుతుంది. శిఖరం దాటి అవతలికి దిగే గాలి, చిన్న విమానం పైకెక్కగలిగిన దానికన్నా వేగంగా దాన్ని కిందికి లాగేయగలదు. లేహ్‌కు ప్రయాణికుల విమానాలు ఎక్కువగా ఉదయమే వెళ్లడానికి మధ్యాహ్నపు గాలులూ వేడీ కారణం.

కొండల్లో కొన్ని రన్‌వేలు వాలుగానే ఉంటాయి. ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని కూర్షెవెల్ రన్‌వే పొడవు 537 మీటర్లే, వాలు 18.5 శాతం. నేపాల్‌లోని లుక్లా రన్‌వే 527 మీటర్లు, వాలు సుమారు 12 శాతం. ఎగువకు దిగితే వాలే బ్రేకు, దిగువకు ఎగిరితే వాలే ఊతం. అయితే దిగేవాడికి ఎదురుగా కొండే ఉంటుంది. ఒక హద్దు దాటాక మళ్లీ పైకి లేచే వీలుండదు. కాబట్టి దిగాలా, మళ్లాలా అన్నది ఆ హద్దుకు ముందే తేలిపోవాలి.

1948 మే 24న భారత వైమానిక దళ పైలట్ మెహర్ సింగ్ డకోటా విమానంలో సైన్యానికి చెందిన మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని లేహ్‌లో హడావుడిగా చదును చేసిన నేలమీద దిగారు. ఆ సాహసం గొప్పదే. నేటి పైలట్‌కు ఆ ధైర్యంతోపాటు లెక్క కూడా తోడుంది. ఉష్ణోగ్రత, వాయుపీడనం తెలిస్తే చాలు, మన ఇంటర్ విద్యార్థులు పుస్తకంలో చదివే వాయు సమీకరణంతోనే గాలి సాంద్రత తేల్చవచ్చు. భౌతికశాస్త్రం తరగతిలో ఈ లెక్క తప్పక చేయించాలి. పరీక్షకోసం బట్టీపట్టే ఆ సూత్రం మీదే లోయలో దిగే మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని పిల్లలకు తెలియాలి.