సరదా కారు సరే... ఇంజను సంగతేమిటి?

"నాకు రెండు సీట్ల కారు కావాలి. పైన టాపు తీసేసుకునేది."

మా వదిన ఈ మాట అనేసరికి అన్నయ్య చేతిలో ఇడ్లీ ముక్క చట్నీ దాకా వెళ్లి ఆగిపోయింది. "నీకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు" అన్నాడు. "అందుకే ఇప్పుడు కావాలంటున్నా" అంది వదిన.

డల్లాస్ పక్కన ప్లేనోలో ఉన్న వాళ్లింటికి నేను వెళ్లిన వారానికి జరిగిన సంగతిది. అమ్మాయి కాలేజీ హాస్టలుకి వెళ్లిపోయింది. స్కూలు, సంగీతం క్లాసు, గుడి, కిరాణా అంటూ ఏళ్ల తరబడి తిప్పిన పెద్ద వ్యానుకి పని తగ్గింది. వదిన మందుల షాపులో ఉద్యోగం చేస్తుంది. జీతంలోంచి నెలనెలా కాస్త పక్కన వేస్తూ పద్నాలుగు వేల డాలర్లు కూడబెట్టింది. ఆ డబ్బుతో నగ చేయించుకుంటే ఎవరూ నోరెత్తేవారు కారు. స్పోర్ట్స్ కారు అనేసరికి మాత్రం ఖండాలు దాటి ఫోన్లు వెళ్లాయి. గుంటూరు నుంచి మా అమ్మ "ఏమే, దానికి ఒంట్లో బాగానే ఉందా?" అని నన్నడిగింది!

అన్నయ్య భయం వేరు. "కొనడం పెద్ద విషయం కాదు. రేపు ఇంజను పోతే?" అన్నాడు. మొగుళ్ల మాటలన్నీ కొట్టిపారేయడానికి వీల్లేదు సుమండీ! కొత్త స్పోర్ట్స్ కారు ధర మనలాంటివాళ్లం వినలేం. అదే ఇరవై ఏళ్లు దాటిన కారయితే ఓ మామూలు కారు ధరకే వచ్చేస్తుంది. అంత చవగ్గా ఎందుకొస్తోందన్నదే అడగాల్సిన ప్రశ్న.

వదిన మనసు పారేసుకున్నది పోర్షే బాక్స్‌టర్ మీద. 1993లో డెట్రాయిట్ మోటారు ప్రదర్శనలో నమూనాగా కనిపించి, 1996లో అమ్మకానికొచ్చిన కారది. ఇంజను పేరు బాక్సర్, కారు రకం రోడ్‌స్టర్, రెండూ కలిపి బాక్స్‌టర్ అన్నారు. ఆరు సిలిండర్లు నిలబడి ఉండవు, ఇటు మూడు అటు మూడు పడుకుని ఉంటాయి. 2004 దాకా వచ్చిన మొదటి తరం బాక్స్‌టర్లే వదిన డబ్బుకు అందేవి.

మొదటి చూపులు

ముందుగా చూసింది ఎర్ర కారు. 2001 మోడలు. తిరిగింది 38,000 మైళ్లే. అద్దంలా మెరిసిపోతోంది. సీటు తోలు మీద చిన్న గీత కూడా లేదు. అమ్మేవాడు ఎంతో మర్యాదస్తుడు. "ఆదివారాలు తప్ప బయటికి తియ్యలేదు" అన్నాడు. నాకైతే అక్కడికక్కడే డబ్బిచ్చేయాలనిపించింది.

ఇంజను చూద్దామని అన్నయ్య బానెట్ ఎత్తాడు. ఖాళీ! అది సామాన్లు పెట్టుకునే డిక్కీ. వెనక్కి వెళ్లి అదీ ఎత్తాడు. అక్కడా డిక్కీయే. ఓ మూల ఆయిలు పోసే మూత, నీళ్లు పోసే మూత, అంతే. ఇంజను సీట్ల వెనకాల, కారు నడుమ దాక్కుని ఉంటుందట. లోపలి పలకలు విప్పితే తప్ప కనిపించదు. పెళ్లిచూపులకి వెళ్తే పిల్లని తప్ప ఇల్లంతా చూపించి పంపినట్టుంది వ్యవహారం.

ఇంతలో వదిన అడిగింది: "ఐఎంఎస్ బేరింగు మార్చారా?"

పెద్దమనిషి మొహంలో నవ్వు తగ్గింది. "నాకు దానితో ఏ ఇబ్బందీ రాలేదు" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు కదా. క్లచ్ ఎప్పుడు మార్చారంటే ఎప్పుడూ మార్చలేదన్నాడు. ఆయిలు మార్పించిన రసీదులు మూడే దొరికాయి. మిగతావి ఇల్లు మారినప్పుడు పోయాయట. వదిన కారు చుట్టూ ఇంకోసారి తిరిగి, థాంక్స్ చెప్పి వచ్చేసింది. దారి పొడుగునా నేనే గొణుక్కున్నాను, అంత చక్కటి కారు వదిలేసిందని.

కుట్టుమిషను లెక్క

ఇంటికొచ్చాక ఆ బేరింగు కథేమిటో వదిన నాకు అర్థమయ్యేలా చెప్పింది. మీకూ అలాగే చెబుతాను.

కుట్టుమిషనులో సూది కిందికి దిగేటప్పుడు కింద ఉన్న షటిల్ సరిగ్గా దాని వేళకి తిరగాలి. ఆ జత తప్పిందంటే సూది వెళ్లి ఇనుము మీద పొడుచుకుని టప్పున విరుగుతుంది. కారు ఇంజనులోనూ అంతే. పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వు పక్కకి తప్పుకోవాలి. బాక్స్‌టర్ ఇంజనులో ఈ జత కుదిర్చేది ఒక అడ్డ కడ్డీ. క్రాంక్ షాఫ్టుకీ, వాల్వులు నడిపే క్యామ్ షాఫ్టులకీ నడుమ గొలుసులతో తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అన్నమాట. గేరుబాక్సు వైపున్న దాని కొసని మోసేదే ఈ ఐఎంఎస్ బేరింగు.

ఆ బేరింగుకి రెండు పక్కలా మూతలు వేసి, గ్రీజు లోపలే పెట్టి బిగించేశారు. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి మూతలు గట్టిపడి సందులిస్తాయి. గ్రీజు కాస్తా కారిపోతుంది. బయటి ఆయిలు లోపలికి చేరి అక్కడే మడ్డిలా నిలవుంటుంది. గుండ్లు అరుగుతాయి. ఓ రోజు బేరింగు విరుగుతుంది, జత తప్పుతుంది, పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి. అంతే, ఇంజను మొత్తం పాడు. వేరే ఇంజను వేయించాలంటే కారుకి పెట్టిన డబ్బంతా మళ్లీ పెట్టాలి.

1999 దాకా వచ్చినవాటిలో రెండు వరుసల గుండ్ల బేరింగు ఉండేది, అది కాస్త గట్టిది. ఆ తర్వాత 2005 దాకా ఎక్కువగా ఒకే వరుసది వేశారు. పేచీ అంతా దీంతోనే. అమెరికాలో కొన్నవాళ్లు కొందరు కలిసి కోర్టుకెళ్లారు. 2001 నుంచి 2005 దాకా మోడళ్లకి సంబంధించి 2013లో రాజీ కుదిరింది. 2009 మోడలు నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఈ కడ్డీయే లేదు.

అలాగని ప్రతి కారులోనూ ఆ బేరింగు పోయిందా అంటే, లేదు. వందలో తొంభైకి పైగా కార్లు దాంతో హాయిగానే తిరిగాయి. చిక్కంతా మనం కొనే కారు ఏ కోవలోదో పైకి తెలియకపోవడమే. బేరింగు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి. క్లచ్ మార్చాలన్నా అదే పని. అందుకని తెలిసినవాళ్లు రెండూ ఒకేసారి చేయిస్తారు. వదిన క్లచ్ గురించి ఎందుకడిగిందో నాకప్పుడు వెలిగింది.

ఇంకో మాట కూడా చెప్పింది. తక్కువ తిరిగిన కారు మేలని మనం అనుకుంటాం. మారుతీ కొన్నా, స్కూటరు కొన్నా మనం మొదట చూసేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే. కానీ ఈ ఇంజనుకి మూల పడి ఉండటమే చేటని దీన్ని బాగుచేసేవాళ్లలో చాలామంది మాట. ఇంజను పూర్తిగా వేడెక్కకుండా వీధి చివరిదాకా తిప్పి ఆపేస్తుంటే ఆయిల్లో తేమ చేరుతుంది. అదే రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారయితే ఆ తేమ ఆవిరైపోతుంది. ఆదివారాల మర్యాదస్తుడి కారు నాకు కాస్త వేరుగా కనిపించడం మొదలైంది.

అన్నయ్య ఇంకో దారి చూపించాడు. "అంత మోజైతే మియాటా కొనుక్కో" అన్నాడు. మాజ్దా కంపెనీ 1989లో తెచ్చిన చిన్న రెండు సీట్ల కారది. 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల సాదా ఇంజను. అందులో మొదటి తరం కార్లకో మంచి గుణముంది. టైమింగ్ బెల్టు తెగినా పిస్టన్లూ వాల్వులూ గుద్దుకోవు. కారు దారిలో ఆగిపోతుంది, బెల్టు వేయించుకుని ఇంటికి రావచ్చు. అదే మాజ్దా వారి ఆర్‌ఎక్స్-8 మాత్రం వద్దని అన్నయ్యే అన్నాడు. దానిలో పిస్టన్లుండవు, ముక్కోణపు రోటరు గిర్రున తిరుగుతుంది. ఆయిలు తాగడం దాని సహజ గుణం. కంప్రెషన్ ఎంతుందో ప్రత్యేకమైన మీటరుతో కొలిపించకుండా కొంటే జూదమే.

మియాటాని వదిన నడిపి చూసింది. "బావుంది. నమ్మకమైన పిల్ల. కానీ నాకు ఆ ఆరు సిలిండర్ల చప్పుడు కావాలి" అంది. నేనైతే మియాటాయే కొనేదాన్ని. నమ్మకం ముందు చప్పుడేమిటి అనుకునే మనిషిని నేను. అయినా డబ్బు నాది కాదుగా!

వడపోత కాగితం

మూడు వారాలు తిరిగాక దొరికింది ఓ బూడిద రంగు బాక్స్‌టర్. 2003 మోడలు, 91,000 మైళ్లు. ముందు బంపరు మీద రాళ్లు తగిలిన మచ్చలు. డ్రైవరు సీటు అంచు అరిగిపోయింది. ఎర్ర కారు పక్కన పెడితే పనిమనిషిలా ఉందనుకున్నాను (అన్న తర్వాత నాకే సిగ్గేసింది). అమ్ముతున్నది ఓ రిటైర్డ్ టీచరమ్మ. ఇంట్లోంచి లావుపాటి ఫైలు తెచ్చి ముందు పెట్టింది. ఏ తారీఖున ఆయిలు మార్చారు, ఎన్ని మైళ్ల దగ్గర, ఏ రకం ఆయిలు, అన్నీ వరసగా ఉన్నాయి. 2016లో క్లచ్‌తోపాటు ఐఎంఎస్ బేరింగు మార్చిన బిల్లు, దానికి ఫోటోలు కూడా ఉన్నాయి. పాత బేరింగుని ఓ ప్లాస్టిక్ సంచిలో దాచుకుంది!

అయినా వదిన బేరం మొదలుపెట్టలేదు. ఈ కార్లే బాగుచేసే ఓ పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్దామంది. పరీక్షకి 350 డాలర్లు. "కొనకపోతే ఆ డబ్బు దండగే కదా" అన్నాను. "దండగైతే మూడొందల యాభైతో పోతుంది" అంది.

ముందుగానే ఓ షరతు పెట్టింది, పొద్దున్నే చల్లటి ఇంజను మీదే స్టార్ట్ చెయ్యాలని. వేడెక్కిన ఇంజను చాలా రోగాలు దాచేస్తుందట. తాళం తిప్పగానే వెనక నుంచి గుప్పుమని కాస్త పొగ వచ్చింది. నా గుండె ఝల్లుమంది. పెద్దాయన నవ్వాడు. పడుకుని ఉన్న సిలిండర్లు కదా, రాత్రంతా కాస్త ఆయిలు అందులో నిలుస్తుంది, పొద్దున్నే ఓసారి పొగరావడం మామూలే, ఆగకుండా వస్తేనే కంగారు పడాలన్నాడు. కారు పైకెత్తి ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట టార్చి వేసి చూశాడు. అక్కడి సీలు కారడం కూడా ఈ కార్లకున్న జబ్బే. దీనికి పొడిగా ఉంది.

తర్వాత ఆయిలు ఫిల్టరు విప్పి, లోపలి కాగితాన్ని మడత మడతా కోసి బల్ల మీద పరిచాడు. మన బియ్యంలో రాళ్లు ఏరినట్టు దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. బేరింగు అరుగుతుంటే సన్నటి ఇనప రజను మెరుస్తూ ఆ మడతల్లో చిక్కుకుంటుందట. ఎంత డబ్బు పెట్టి కొన్న రిపోర్టులోనూ ఇది కనిపించదు. నంబరు కొడితే యాక్సిడెంట్లు, చేతులు మారిన లెక్కా చెప్పే కాగితాలు అమెరికాలో దొరుకుతాయి కానీ, ఇంజను కడుపులో ఏముందో అవి చెప్పవు. మేం నలుగురం ఊపిరి బిగబట్టి ఆ నల్లటి కాగితం మీదికి వంగాం. టీచరమ్మతో సహా! మెరుపు లేదు.

అయినా ఆయన గ్యారంటీ ఏమీ ఇవ్వలేదు. "ఇవాళ్టికి బావుంది. పాతికేళ్లకి దగ్గరపడ్డ ఇంజను, రేపటి మాట నేను చెప్పలేను" అన్నాడు. ముందు టైర్లు మార్చాలి, నీళ్ల పంపు కూడా ఓ ఏడాదిలో మార్చుకుంటే మంచిదని రాసిచ్చాడు. వదిన ఆ కాగితం చూపించే బేరమాడింది. పది వేల ఎనిమిది వందలకి తెగింది. మిగిలిన మూడు వేల చిల్లర బ్యాంకులో విడిగా వేసి, దానికి "బాక్స్‌టర్ ఆస్పత్రి ఖాతా" అని పేరు పెట్టింది. అయిదు వేల మైళ్లకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందొస్తే అప్పుడు ఆయిలు మార్పు. మార్చినప్పుడల్లా ఫిల్టరు కోసి చూడటం. ఈ మధ్య ఆ కోసే పని తనే చేస్తోందట, ఫోటో పంపింది.

కొన్న రోజు సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టాపు తీసి ఊరి బయటకి తీసుకెళ్లింది. ఆ చప్పుడు నిజంగానే వేరు! చెవి వెనకే ఎవరో పెద్ద కంఠంతో శ్రుతి పట్టినట్టుంటుంది. వదిన కొప్పు ఊడిపోయింది, కట్టుకోలేదు. పెళ్లికాక ముందు వాళ్ల నాన్న స్కూటరు వెనక సీటు మీద మాత్రమే తిరిగాననీ, హ్యాండిల్ ముట్టుకోనిచ్చేవారు కాదనీ ఆ దారిలోనే చెప్పింది.

అన్నయ్య రెండు వారాలు ఆ కారెక్కలేదు. మూడో వారం పాలు తెస్తానని తాళాలు పట్టుకుపోయి గంటన్నరకి వచ్చాడు, పాలు లేకుండా.

నేను తిరుగు ప్రయాణమైన రోజు మాత్రం ఎయిర్‌పోర్టుకి పెద్ద వ్యానే తీశారు. రెండు డిక్కీలున్నా నా పెట్టెలు పట్టలేదు మరి!