సైకిలు వెనుక షాకు కిర్రుమంటోందా? పానా పట్టి మీరే విప్పుకోండి

నర్సంపేట: బడికి పోయే పిల్లల సైకిళ్లు మారిపోయాయి. కడ్డీ బ్రేకుల నల్ల సైకిలు ఇప్పుడు ఎక్కువగా తాతల చేతిలోనే కనిపిస్తోంది. పిల్లలు అడిగేది లావు టైర్లు, గేర్లు, సీటు కింద రంగు స్ప్రింగు ఉన్న సైకిలు. దుకాణంలో ముద్దుగా కనిపించిన ఆ స్ప్రింగే కొన్నాళ్లకు కిర్రుకిర్రుమంటూ ఇంటిల్లిపాదినీ విసిగిస్తుంది. పంచరు దుకాణానికి తీసుకుపోతే "షాకు పోయింది, కొత్తది వెయ్యాలి" అంటారు. ఆ మాటతో సైకిలు పశువుల కొట్టంలో చేరుతుంది. బడి మూడు నాలుగు కిలోమీటర్లుండి, బస్సు వేళకు రాని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. తీరా విప్పి చూస్తే చాలాసార్లు పాడయ్యేది స్ప్రింగు కాదు, దాని చివరి కన్నాల్లో ఉండే వేలెడంత బుష్షు.

ఎందుకు అరుస్తుంది?

ఈ సైకిళ్లలో వెనుక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చట్రానికి అతుక్కుని ఉండదు. పెడళ్ల దగ్గర ఒక బోల్టు మీద తలుపు కీలులా ఆడుతుంది. గుంటలో పడి చక్రం పైకి లేచినప్పుడు ఫోర్కు స్ప్రింగును నొక్కుతుంది. చక్రం రెండంగుళాలు లేస్తే స్ప్రింగు కుంగేది అంగుళమో, అంతకంటె తక్కువో. అంటే చక్రం మీద పడే బరువుకు రెట్టింపు భారం ఆ చిన్న బోల్టులు మోస్తున్నాయన్నమాట. స్ప్రింగు మీద 750 అని అంకె ఉంటే, దాన్ని ఒక్క అంగుళం నొక్కడానికి 750 పౌండ్లు, అంటే దాదాపు 340 కిలోల బలం కావాలని అర్థం. ఇంత ఒత్తిడి మధ్య చెల్క దుమ్ము, పొలం గట్ల బురద చేరితే బుష్షు అరగక ఏమవుతుంది?

ముందుగా రోగం తెలుసుకోవాలి. ఒకరు సీటు పట్టుకుని, మరొకరు వెనుక చక్రాన్ని మెల్లగా పైకి కిందికి ఆడించండి. స్ప్రింగు కదలకుండానే టకటకమంటే షాకు బుష్షులు అరిగాయి. చక్రం పక్కలకు ఊగితే పెడళ్ల దగ్గరి కీలు బోల్టునో, చక్రం బేరింగులనో చూడాలి. షాకు మార్చినా ఆ ఊగు పోదు, డబ్బు దండగ.

విప్పే ముందు ఒక హెచ్చరిక. ఈ వ్యాసకర్త మొదటిసారి బిగువు తగ్గించకుండానే స్ప్రింగును పట్టి ఉంచిన నట్టును విప్పాడు. అది ఎగిరివచ్చి కనుబొమ్మకు తగిలింది. రెండు కుట్లు పడ్డాయి, కన్ను దక్కింది. అందుచేత సైకిలును తలకిందులుగా నిలిపి, స్ప్రింగు చుట్టూ మరల మీద తిరిగే ఉంగరాన్ని వెనక్కి తిప్పండి. స్ప్రింగు చేత్తో గలగల ఆడేదాకా వదులు చేశాకనే మిగతా పని. అలా తిప్పే ఉంగరం లేని, రెండు వైపులా మూసి వేసిన రకమైతే స్ప్రింగు జోలికి పోకండి. దానికి బుష్షులు మాత్రం మార్చుకోవచ్చు.

తరువాత రెండు బోల్టులు తీయాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 13 నంబరు పానా, గుంట తల ఉన్నదైతే 6 నంబరు అలెన్ కీ పడుతుంది. ఆఖరి బోల్టు లాగేటప్పుడు చక్రాన్ని ఒకరు పట్టుకోవాలి, లేకుంటే వెనుక భాగం ఒక్కసారిగా మడతపడి వేళ్లు నలుగుతాయి. ఏ వాషరు ఎటుందో వరసగా ఒక గుడ్డ మీద పేర్చుకోండి. ఇంట్లో ఎవరి చేతిలోనైనా సెల్లు ఉంటే ముందే ఫోటో తీస్తే ఇంకా మేలు.

కిరసనాయిలు దొరికితే సరే, లేదంటే కాస్త డీజిలుతో భాగాలన్నీ తుడవండి. మధ్య రాడ్డు వంగినా, దాని పక్కన నూనె కారిన మరక ఉన్నా ఆ షాకు మార్చవలసిందే. చవక రకాల్లో నూనె అసలే ఉండదు, వట్టి స్ప్రింగే. బోల్టు మధ్యలో అరిగి సన్నబడితే దాన్ని పారేయండి. నడుస్తుండగా అది తెగితే పడేది పిల్లవాడే. కొత్త సామాను కోసం వరంగల్ పోయేవారు పాత షాకును సంచిలో వేసుకుపోవడం మంచిది. రెండు కన్నాల మధ్య దూరం, బోల్టు లావు, కన్నం వెడల్పు, స్ప్రింగు అంకె, ఈ నాలుగూ కలవాలి. పొడవులో ఒక సెంటీమీటరు తేడా వచ్చినా సైకిలు నడక మారిపోతుంది.

బిగించేటప్పుడు బుష్షులకు, బోల్టులకు పలుచగా గ్రీజు పూయండి. రాడ్డుకు మాత్రం దట్టంగా పట్టించవద్దు, దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. లోపల నైలాను ఉన్న నట్టు వదులైపోతే కొత్తది వేయాలి. ఉంగరం స్ప్రింగుకు తగిలాక ఒకటి రెండు చుట్లు తిప్పితే చాలు. పిల్లవాడు కూర్చుంటే షాకు కదలగలిగే మేరలో పావు వంతు కుంగాలి. మరీ కుంగితే పెద్ద అంకె స్ప్రింగు వేయాలిగాని, ఉంగరాన్ని గట్టిగా బిగించి సరిపెట్టరాదు.

మరొక మాట. ఈ సైకిలు వెనుక యూరియా బస్తా కట్టడం మనవాళ్ల అలవాటు. ఇప్పటి బస్తా 45 కిలోలు. క్యారియరు ఒక కాలు ఆడే ఫోర్కు మీద, మరొకటి కదలని చట్రం మీద ఉంటుంది గనుక గుంట గుంటకూ అది మెలిపడి విరుగుతుంది. బస్తాకు తాతగారి సైకిలే సరి.

పట్నంలో కొన్న ఖరీదైన సైకిళ్లకు స్ప్రింగు బదులు గాలి షాకు ఉంటుంది. దాన్ని పంచరు దుకాణం పంపుతో నింపలేం, వేరే పంపు కావాలి. వాటిలో చాలా వాటికి నైట్రోజన్ నింపిన గది మరొకటి ఉంటుంది, దాన్ని ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. గాలి వదిలినా షాకు కుంగిపోయి పైకి రాకుంటే లోపల గాలి చిక్కుకుందని గుర్తు. దాన్ని ఆ పని తెలిసినవారికే ఇవ్వాలి.

అంతా బిగించాక పిల్లలకు వెంటనే ఇవ్వక, పెద్దవారెవరైనా పాకాల దారిలో ఓ నాలుగు గుంటలు ఎక్కించి చూడండి. వారం తరువాత ఆ రెండు బోల్టులకు మరోసారి పానా వేయండి.